పెద్దలతో ఉదయగిరి యాత్ర
(చిట్టమూరు ఆలయ కుంభాభిషేక సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



స్వామివారి కృపవలన కుంభాభిషేకము శాస్త్రోక్తముగా జరిగినది. యాగశాల అగ్ని చల్లారకముందే మన ఊరివారు మరియొక సంకల్పము చేసినారు. 48 దినముల మండలాభిషేకము ముగిసిన పిదప, బస్సు మాటలాడుకొని ఉదయగిరి దుర్గమును చూచి రావలెనని. పేర్లు ఇచ్చినవారిలో సగముమంది అరువది దాటినవారు. ఒకరికి గుండెకు శస్త్రచికిత్స జరిగినది. ఇద్దరికి మోకాళ్ళు వంగవు. చక్కెర వ్యాధి లేనివారిని వెదకి పట్టుకొనవలెను. "వారిని రావద్దని మీరైనా చెప్పండి" అని యువకులు, "మమ్ములను వదలి పోవుదురా?" అని పెద్దలు నన్ను అడిగినారు. ఇద్దరికిని కలిపి ఇచ్చట సమాధానము చెప్పుచున్నాను.

ముందు ఉదయగిరికే ఎందుకన్నది. నెల్లూరునుండి ఆత్మకూరు మీదుగా వాయవ్య దిక్కున సుమారు 100 కిలోమీటర్ల దూరమున ఆ దుర్గము ఉన్నది. కొండ ఎత్తు 3,079 అడుగులు. గజపతుల ఏలుబడిలో ఉండిన ఆ కోటను శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి, సుమారు ఏడాదిన్నర శ్రమించి, 1514లో గెలిచినాడు. ఒక్కొక్క మనిషి మాత్రమే పోగల ఇరుకు త్రోవ తప్ప ఆ కోటకు వేరు దారి లేకుండెననియు, రాయలు బండలు పగులగొట్టించి వెడల్పైన బాటలు వేయించెననియు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినాడు. రాయలంతటివాడు, అంత సైన్యముతో, ఆ కొండ క్రింద ఏడాదిన్నర ఆగవలసివచ్చినది! మన పెద్దలు ఒక పూట ఆగుటలో చిన్నతనమేమున్నది?

విజయానంతరము రాయలు ఉదయగిరినుండి బాలకృష్ణస్వామి విగ్రహమును విజయనగరమునకు తీసికొనిపోయి, క్రొత్త ఆలయము కట్టించి, 1515లో ప్రతిష్ఠ చేయించినాడు. హంపీలోని ఆ కృష్ణాలయమున శాసనము నేటికిని ఉన్నది. ఆ ఆలయమును కాలక్రమమున పాడుపడినది. ఆ బాలకృష్ణుని శిల్పము ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియములో ఉన్నది. గుడి ఒక చోట, శాసనము ఒక చోట, స్వామి ఒక చోట. మన ఆలయము దాతల ధర్మమున మరల నిండిన ఈ వేళ, స్వామి లేచిపోయిన ఊరిని ఒకసారి చూచి రావలెనను కోరిక మన పెద్దలకు కలుగుట సహజమే. దానిని చాపల్యమని త్రోసివేయరాదు.

అయితే చూచుట అనగా శిఖరము త్రొక్కుటయేనా? జీర్ణోద్ధరణకు ముందు కళాకర్షణము చేసి స్వామిని బాలాలయమునకు వేంచేపు చేసినాము గదా! ఆ చిన్న పందిటిలో, తాత్కాలిక పీఠముపైన స్వామి ఉన్నన్ని దినములు మీరు కొబ్బరికాయలు కొట్టలేదా? గోపురము లేదు గనుక ఫలము తగ్గినదని ఎవరైనను అన్నారా? తిరుమల సంగతియు మీకు తెలియనిది కాదు. తిరుమలనంబి కొండ దిగివచ్చి, క్రింద రామానుజులవారికి శ్రీరామాయణ రహస్యములను ఏడాదిపాటు ఉపదేశించెననియు, మధ్యాహ్నసేవకు అందలేకపోవుచున్నానని ఆయన చింతింపగా స్వామి పాదములు అలిపిరిలోనే వెలసెననియు పెద్దలు చెప్పుదురు. నడవలేనివారు నేటికిని పాదాల మండపమున మ్రొక్కుకొనుచున్నారు. శ్రవణకుమారుని వలె కావడి మోయువారు మనలో లేరు. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చువరకు డోలీలుండెడివి. ఉదయగిరి శిథిలములలో ఆ రెండును లేవు. కనుక మన బుద్ధియే డోలీ కావలెను.

యువకులారా, ఒక మాట. కొండ ఎక్కునపుడు అన్నింటికంటె అపాయకరమైన మాట "ఇంకొంచెమే" అనునది. మా మేనమామగారు చరిత్ర బోధించిన ఉపాధ్యాయులు. గుండె జబ్బు చేసిన రెండేండ్ల తరువాత, వైద్యుని అడిగియే, నాతో ఉదయగిరికి వచ్చినారు. దారి పొడవునను గజపతుల కథ చెప్పుచు నడచినవారు ఒక మలుపు దగ్గర కథ ఆపివేసినారు. "ఏమీ లేదు, నడవరా" అన్నారు గాని ముఖమున చెమట చల్లగా పట్టినది. పెద్దలు తమ బాధను నోటితో చెప్పరు. తమ వలన పిల్లల యాత్ర చెడునని దాచుకొందురు. కావున వారి మాటను గాక, మాట ఆగుటను గమనింపవలెను. అచ్చటనే కూర్చుండబెట్టి, వైద్యుడిచ్చిన మాత్ర వేసి, తేరుకొన్న పిదప మెల్లగా దించుకొని నేరుగా ఆసుపత్రికి తీసికొనిపోతిమి. పరీక్షలు చేసి, రెండు దినములుంచి పంపినారు. ఆ కథలో మిగిలిన భాగమును ఇంటికి వచ్చిన తరువాత, మంచము మీద కూర్చుండి చెప్పినారు. శిఖరము మీద ఏమున్నదో నాకు జ్ఞాపకము లేదు, మేము పోలేదు గనుక. ఆ కథ మాత్రము ప్రతి మాటయు జ్ఞాపకమున్నది.

ఇక మన భక్తులకు ఒక సులభమైన కొలత చెప్పెదను. నడచుచు "గోవిందా" అని తెగకుండ పలుకగలిగినంతవరకే నడవవచ్చును. నామము తెగినచో ఆగవలెను. ఎదలో బరువు, దవడకో ఎడమ చేతికో ప్రాకు నొప్పి, చల్లని చెమట కనబడినచో అది అలసట కాదు. వెంటనే 108కు ఫోను చేయవలెను. చక్కెర వ్యాధి ఉన్నవారికి గుండె పోటులో నొప్పి తెలియకనే పోవచ్చును. ఒట్టి ఆయాసమే రావచ్చును. వారు ఉపవాసముతో కొండ దగ్గరకు రారాదు. మాత్ర వేసికొని ఏమియు తినక నడచినచో చక్కెర పడిపోయి కన్ను తిరుగును. వ్రతము ఉన్నచో ఆ దినము మార్చుకొనుడు, స్వామి ఏమియు అనుకొనడు. మోకాళ్ళ నొప్పి గలవారు ఎక్కుటకంటె దిగుటకే ఎక్కువ భయపడవలెను. దిగునపుడే మోకాలిపై భారము హెచ్చు. అరువదియేండ్లు దాటినవారు, గుండె జబ్బు, ఆస్తమా వంటివి గలవారు తిరుమలకు కాలినడకన రావలదని తిరుమల తిరుపతి దేవస్థానము వారు 2024లో విజ్ఞప్తి చేసినారు. చక్కని మెట్లు, నీరు, వైద్యము ఉన్న దారికే ఆ మాట చెప్పినప్పుడు, చెదరిన రాళ్ళ దారికి వేరుగ చెప్పవలెనా?

దాతలకు ఒక విన్నపము. మన ఆలయమున గోపురమునకు రంగులు, ధ్వజస్తంభమునకు ఇత్తడి తొడుగు అయినవి, చాల సంతోషము. తూర్పు వాకిట మెట్ల ప్రక్కన చేపట్టుకొనుటకు ఒక కడ్డీ, ప్రదక్షిణ మార్గమున నీడపట్టున నాలుగు రాతి అరుగులు ఇంకను లేవు. కలశమునకు ఇచ్చినవారి పేరు శిలాఫలకముపై ఉండును. కడ్డీకి ఇచ్చినవారి పేరు ప్రతి ముసలి చేతికి తెలియును. ఆ రెండింటిలో ఏది పెద్ద పుణ్యమో నేను చెప్పజాలను గాని, నా ఓటు కడ్డీకే.

యాత్ర ఏర్పాటు ఇట్లున్నది. తెల్లవారుజామున 3 గంటలకు గుడి ముందు బస్సు ఉండును. ఎండ ముదరకముందే, పైకి పోవువారు పోయి, 10 గంటలకెల్ల దిగిరావలెను. పెద్దలు ఊరిలో, రంగనాయకుల ఆలయ శిథిలములను చూచి, నీడన విశ్రమింతురు. వారికి తోడుగా ఇద్దరు యువకులు క్రిందనే ఉందురు. ఎవరుండవలెనో చీట్లు వేసి తేల్చుకొందము. ప్రతి పెద్దవారును తమ మందులు, వాటి పేర్లు, వైద్యుని ఫోను నంబరు, ఇంటివారి నంబరు ఒక కాగితముపై వ్రాసి చొక్కా జేబులోనో, కొంగుముడిలోనో ఉంచుకొనవలెను. సంచిలో పెట్టరాదు, సంచులు బస్సులోనే మిగిలిపోవును. గుండె జబ్బువారు ముందుగా వైద్యుని అనుమతి తెచ్చుకొని, మండలాభిషేకము ముగియుటకు వారము ముందుగానే ఆలయ కార్యాలయములో పేరు ఖాయపరచుకొనవలెను.