మీటర్లు మాట్లాడుకోవాలంటే

స్మార్ట్ మీటరు రీడింగును తనంతట తనే పంపుతుందని వింటున్నాం. మరి ఒక కంపెనీ మీటరు పంపిన సమాచారం ఇంకో కంపెనీ పరికరానికి అర్థం కాకపోతే? కరెంటు పంపిణీ చేసే డిస్కం ఏళ్ల తరబడి ఆ ఒక్క కంపెనీ గుమ్మమే పట్టుకు వేలాడాలి.

అందుకే అమెరికాలో 2007 నాటి ఇంధన చట్టం, ప్రమాణాలను సమన్వయం చేసే పనిని నిస్ట్ అనే ప్రభుత్వ సంస్థకు అప్పగించింది. మీటర్లు సమాచారం పంపే రేడియో సంగతి ఐట్రిపులీ అనే ఇంజినీర్ల సంస్థ నిపుణులు చూశారు. మొదట ఉన్న 802.15.4 ప్రమాణంలో ఒక విడత సందేశం 127 బైట్లు దాటకూడదు. బల్బు వెలిగించడానికి, ఆర్పడానికి అది చాలు. ఇంటర్నెట్ ప్యాకెట్ దాదాపు 1500 బైట్ల దాకా ఉంటుంది కనుక ముక్కలు చేయక తప్పేది కాదు. 2012లో వచ్చిన 802.15.4జి ఆ హద్దును 2047కి పెంచింది. పేరుకు నోరు తిరగదు గానీ, పని గట్టిది! మీటరు నుంచి మీటరుకు కబురు అందించుకునే మెష్ ఏర్పాటుకు ఇది బాగా కుదిరింది.

మన దేశంలో స్మార్ట్ మీటర్లకు 2015లో ఐఎస్ 16444 ప్రమాణం వచ్చింది. రేడియోకు లైసెన్సు అక్కరలేని 865 మెగాహెర్ట్జ్ ప్రాంతం ఉంది. ఆ తరంగాలు వైఫై కంటే గోడలను బాగా దాటుతాయి. అయితే సెల్లారులో, ఇనుప పెట్టెలో బిగించిన మీటరుకు ఏ ప్రమాణమూ సిగ్నల్ హామీ ఇవ్వదు. అక్కడ యాంటెన్నా బయటికి తీయాలి, లేదా కరెంటు తీగ మీదే సమాచారం పంపాలి.