బడి ఎంత దూరం?

2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 117వ నంబరు జీవో గుర్తుందా? కిలోమీటరు లోపు హైస్కూలుంటే 3, 4, 5 తరగతుల్ని అందులో కలిపేశారు. సబ్జెక్టుకో టీచరు దొరుకుతారన్నారు. ఆ మాట కాదనలేం.

కానీ కృష్ణా జిల్లా చల్లపల్లి చుట్టుపక్కల దారులు చూడండి. ఒకపక్క కాలువ, మరోపక్క వరిచేను, మధ్యలో ధాన్యం ట్రాక్టరు. ఎనిమిదేళ్ల పిల్ల పుస్తకాల సంచితో గట్టు అంచుకి ఒదిగి నిలబడాలి. అందుకే ఎన్నో ఊళ్లలో తల్లిదండ్రులు అడ్డం తిరిగారు.

2025లో ఆ జీవో రద్దయింది. తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్లొచ్చాయి. ఏ బడిని ఎక్కడికి చేర్చాలన్న వాదన మళ్లీ మొదలైంది.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. అమ్మలూ, నాన్నలూ! బడిని మార్చే తీర్మానం మీద సంతకం పెట్టేముందు, వాన పడ్డ పొద్దున ఒక్కసారి పిల్లల వెంట ఆ దారిన నడవండి.