లక్కముద్ర లోపలి మాట

ఒక హత్యకేసు న్యాయస్థానమునకు చేరిన నాటినుండి రెండు విచారణలు సాగుచుండును. ఒకటి న్యాయమూర్తి ఎదుట జరుగును. రెండవది రచ్చకట్ట మీద, చాయ హోటలులో, బస్సులో, ఈ కాలమున అరచేతిలోని సెల్‌ఫోనులో జరుగును. మొదటి విచారణలో సాక్షిని ఎదురు ప్రశ్నించువాడు ఉండును. రెండవదానిలో అట్టివాడు ఉండడు. మొదటిదానికి వాయిదాలు కలవు. రెండవదానిలో తీర్పు ఆ పూటకే వచ్చును.

ఈ రెండవ విచారణకు మిక్కిలి ప్రియమైన వస్తువు సీలు వేసిన లకోటా. మన ప్రాంతపు పెద్దలు దానినే లిఫాఫా అందురు. ముద్దాయి జైలునుండి వ్రాసిన ఉత్తరమైనను, సాక్షి మేజిస్ట్రేటునకు ఇచ్చిన వాంగ్మూలమైనను, పోలీసులు హైకోర్టునకు సమర్పించిన నివేదికయైనను, దానిపై ముద్ర పడినదని తెలిసినంతనే లోపల ఏమున్నదో చెప్పగలవారు ఊరూర బయలుదేరుదురు. తెరచిన కాగితమును చదువుటకు ఓపిక లేనివారు కూడ మూసిన కాగితమును మాత్రము అక్షరము పొల్లుపోకుండ చదువగలరు.

శ్రోతలారా, ఈ ముద్ర ఎవరిని కాపాడుటకు వేయబడును? ఎంతకాలము ఉండవలెను? దాని లోపలిదానిని మనము ఊహించినందువలన ఎవరికి ఏమి కీడు కలుగును? ఈ మూడు ప్రశ్నలను నేడు ఆలోచింతము.

మన ఉత్తర తెలంగాణములోని ఒక సంగతితో ఆరంభింతును. దాని మొదట కూడ ఒక ఉత్తరమే ఉన్నది. 2020 మే నెలలో పెద్దపల్లి జిల్లా మంథని పోలీసుఠాణాలో నిర్బంధమునందున్న ఒక వ్యక్తి మరణించినాడు. పెద్దపల్లి 2016 వరకు కరీంనగరు జిల్లాలోని భాగమే. ఆ మరణమును గూర్చి న్యాయవాదిని పి.వి. నాగమణి తెలంగాణ హైకోర్టునకు లేఖ వ్రాయగా, న్యాయస్థానము దానిని వ్యాజ్యముగా స్వీకరించి విచారణకు ఆదేశించినది. 2021 ఫిబ్రవరి 17న ఆమెయు, ఆమె భర్తయైన న్యాయవాది గట్టు వామనరావును మంథని నుండి కారులో హైదరాబాదునకు తిరిగి పోవుచుండగా, రామగిరి మండలములోని కల్వచర్ల వద్ద పట్టపగలు, నడిరోడ్డుపై నరకబడి మరణించినారు. బస్సులు ఆగినవి, ప్రయాణికులు చూచినారు, కొందరు సెల్‌ఫోనులలో చిత్రించినారు. నెత్తుటి మడుగులో వామనరావు పలికిన మాటలు కూడ అట్టి ఒక దృశ్యములో నిలిచినవి.

ఆ ఉత్తరమునకును ఈ హత్యకును సంబంధము కలదా అని నాడు అనేకులు అడిగినారు. అడుగుట తప్పు కాదు. కాని సమాధానము చెప్పవలసినది దర్యాప్తు. దానిని తూచవలసినది న్యాయస్థానము.

హైకోర్టు ఈ హత్యలను మరునాడే తనంతట తాను విచారణకు స్వీకరించినది. చూచినవారిని గుర్తించి, వారి వాంగ్మూలములను మేజిస్ట్రేటు ఎదుట నమోదు చేయించవలెనని చెప్పినది. నాటి నేరప్రక్రియాస్మృతిలో ఇందుకు 164వ సెక్షను ఉండెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 183వ సెక్షను. దర్యాప్తు ప్రగతిని తెలుపు నివేదిక సీలు చేసిన కవరులో హైకోర్టునకు చేరినది. అంతటితో లకోటా లోపలి సంగతిని గూర్చిన ఊహలకు తావు ఏర్పడినది.

ఈ స్థితిలో బస్సులో కూర్చుండి హత్యను కన్నులార చూచిన ఒక సామాన్యుని తలచుకొనుడు. అతడు మరునాడు కూడ అదే దారిని, అదే బస్సులో పోవలసినవాడు. అదే అంగడికి బియ్యమునకు పోవలసినవాడు. నడిరోడ్డుపై ఇద్దరు న్యాయవాదులకే దిక్కు లేకపోగా తనకు దిక్కెవ్వరని అతడు భయపడుట సహజము. అయినను ధైర్యము కూడగట్టుకొని మేజిస్ట్రేటు ఎదుట నిజము చెప్పినాడనుకొందము. అతని పేరునకు ఉన్న రక్ష ఆ కాగితముపై ముద్ర ఒక్కటే. అప్పుడు చాయ హోటలులో ఒకడు, “ఆ బస్సులో ముందు సీటున కూర్చున్నవాడే చెప్పి ఉండును” అనును. మరియొకడు, “అతనిది ఫలానా ఊరు” అనును. మూడవవాడు పేరు కలుపును. వీరిలో ఎవరికిని చెడుతలంపు లేదు. కాని ముగ్గురును కలిసి సాక్షి ఇంటికి దారి చూపినారు.

ఊహ తప్పైనచో కీడు తగ్గునా? తగ్గదు. ఏమియు చెప్పని మనిషి చెప్పినవాడుగా ముద్ర పడును. చెప్పినవాడు అది విని, న్యాయస్థానమున నిలుచుండు దినమున నోరు మూసికొనును. సాక్షులు మాట మార్చిరని, కేసు నిలువలేదని మనము తరువాత వాపోవుదుము. కాని అట్టి భయమును పెంచినవానిలో మన కబుర్లు కూడ ఉన్నవి.

సాక్షి భయము కల్పన కాదని అత్యున్నత న్యాయస్థానము కూడ గుర్తించినది. 2018 డిసెంబరులో సాక్షి రక్షణ పథకమును ఆమోదించి, చట్టము వచ్చువరకు దేశమంతటను అదియే చట్టముగా నడువవలెనని ఆదేశించినది. కొత్త సంహితలోని 398వ సెక్షను ప్రకారము ప్రతి రాష్ట్రమును సాక్షుల రక్షణకు పథకము సిద్ధము చేయవలసియున్నది. పథకము కాగితముపై ఎంత చక్కగా ఉన్నను, ఊరి నోరు కట్టుటకు ఏ సెక్షనును చాలదు. అది ఊరివారే చేయవలసిన పని.

ఇంతవరకు ముద్ర పక్షమున చెప్పితిని. ఇక దాని దోషమును కూడ చెప్పవలెను. సాక్షిని కాపాడుటకు వేసిన ముద్ర, ప్రభుత్వమును ప్రశ్నలనుండి కాపాడుటకు కూడ వాడబడవచ్చును. ఒక మనిషికి వ్యతిరేకముగా న్యాయమూర్తి ఒక కాగితము చదివి, ఆ కాగితమును అతనికి చూపనిచో, అతడు దేనికి బదులు చెప్పును? ఈ సంగతినే అత్యున్నత న్యాయస్థానము 2019లో ఒక జామీను కేసులోను, 2023 ఏప్రిల్‌లో ఒక మలయాళ వార్తా ప్రసారసంస్థ కేసులోను నొక్కి చెప్పినది. సీలు కవరు పద్ధతి సహజన్యాయమునకును, బహిరంగ విచారణకును భంగకరమని రెండవ తీర్పు వివరించినది. దాచవలసిన భాగమున్నచో అంతమట్టుకే దాచి, తక్కినది చూపుటకు మార్గములు కలవని కూడ సూచించినది.

ముద్ర బిగిసినకొలది ఊహ పెరుగును. దీనికి ఆదిలాబాదు జిల్లా చరిత్రలో ఒక బరువైన ఉదాహరణ ఉన్నది. ఆ జిల్లాకు చెందిన భూమయ్య, కిష్టాగౌడ్ అను రైతులకు హత్యకేసులో మరణశిక్ష పడినది. వారి పక్షమున క్షమాభిక్ష వినతులు రాష్ట్రపతికి పోయినవి. ఒక హత్యకేసులో బందిఖానానుండి పయనమగు కాగితములలో అంతకంటె బరువైనది మరియొకటి లేదు. 1975 మే నెలలో ఒకసారి ఆగిన ఉరి, ఆ సంవత్సరము డిసెంబరు 1న ముషీరాబాదు జైలులో అమలైనది. ఆ జైలు ఉన్న స్థలముననే తరువాత గాంధీ ఆసుపత్రి వెలసినది. అది అత్యవసర పరిస్థితి నడచిన కాలము. పత్రికలపై సెన్సారు ఉన్న కాలము. వినతిపై ఏమి వ్రాయబడినది, ఎందుకు త్రోసివేయబడినది అని తెలిసికొనుటకు సామాన్యునకు దారి లేదు. వార్త లేనిచోట వదంతియే వార్తయగును.

నాటికిని నేటికిని ఒక భేదము వచ్చినది. 2014 జనవరిలో అత్యున్నత న్యాయస్థానము, క్షమాభిక్ష నిరాకరింపబడినచో ఆ సంగతిని ఖైదీకిని, అతని కుటుంబమునకును వ్రాతపూర్వకముగా తెలుపవలెననియు, తెలిపిన తరువాత ఉరికి కనీసము 14 దినముల వ్యవధి ఉండవలెననియు విధించినది. మూసిన కాగితమును తెరచుట మనిషి ప్రాణమునకు సంబంధించిన హక్కు అని ఇందువలన తెలియుచున్నది.

ఇక జైలునుండి ముద్దాయి వ్రాయు ఉత్తరముల మాట. ఇందుకు తగిన ఉదాహరణ పొరుగున ఉన్న తమిళనాడులో కలదు. ఆరు హత్యలకు మరణశిక్ష పడిన ఆటో శంకర్ అను ఖైదీ జైలులో సుమారు 300 పుటల జీవితకథ వ్రాసి తన భార్యకు అందజేసినాడు. అందులో పెద్ద అధికారులతో తనకు గల సంబంధములు ఉన్నవను మాట వ్యాపించినది. ఎవరి పేర్లున్నవో అని నగరమంతయు ఊహింపసాగినది. అది అబద్ధమనియు, ప్రచురింపరాదనియు జైళ్ల శాఖ ఉన్నతాధికారి ఒక తమిళ పత్రికకు వ్రాసినారు. వ్యవహారము అత్యున్నత న్యాయస్థానమునకు పోయినది. పూర్వము హైదరాబాదు హైకోర్టున న్యాయమూర్తిగా ఉన్న జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి 1994 అక్టోబరు 7న తీర్పు చెప్పినారు. ప్రచురణను ముందుగానే నిలుపు అధికారము ప్రభుత్వమునకు లేదు. బహిరంగ రికార్డులలో ఉన్నంతవరకు ఎవరి అనుమతియు లేకయే ప్రచురింపవచ్చును. దానిని మించి ఇతరుల ఆంతరంగిక జీవితములో చొరబడినచో ఫలితమును అనుభవింపవలసియుండును. ఇది ఆ తీర్పు సారాంశము. ఆ పుటలలోనిది నిజమని గాని, అబద్ధమని గాని న్యాయస్థానము చెప్పలేదు. 1995 ఏప్రిల్‌లో ఆ ఖైదీ సేలం జైలులో ఉరితీయబడినాడు.

ఆ భేదమును మనము గుర్తుంచుకొనవలెను. ఒక ఉత్తరము వెలుగులోనికి వచ్చుటకు గల హక్కు వేరు. అందులోని మాట నిజమగుట వేరు. జైలునుండి వచ్చిన ఉత్తరమును తూచునప్పుడు న్యాయస్థానము మొదట వ్రాత ఎవరిదని అడుగును. చేవ్రాత నిపుణుని అభిప్రాయము సాక్ష్యమే గాని, దానిమీదనే భారమంతయు మోపుటకు న్యాయమూర్తులు సామాన్యముగా సాహసింపరు. తరువాత, ఇష్టపూర్వకముగా వ్రాసినాడా, భయముచేతనో ఆశచేతనో వ్రాసినాడా అని చూచును. పోలీసుల ఎదుట చేసిన నేరాంగీకారము చెల్లదని 1872 నాటి సాక్ష్యచట్టము చెప్పినది. 2023 నాటి కొత్త చట్టమును ఆ నియమమును నిలుపుకొన్నది. చివరకు, ఉత్తరములోని మాటకు బయట మరియొక ఆధారము కలదా అని వెదకును. సాధారణముగా ఖైదీ ఉత్తరము జైలు అధికారి చదివినగాని బయటకు పోదు. మరియొకరు చదువుదురని ఎరిగినవాడు వ్రాయు ఉత్తరము, తల్లికి చాటుగా చెప్పుకొను మాట వంటిది కాదు.

అట్లని జైలు ఉత్తరమును తేలికగా త్రోసివేయరాదు. తీహారు జైలులో మరణశిక్ష పడియున్న సునీల్ బత్రా, తోటి ఖైదీని ఒక వార్డరు హింసించినాడని అత్యున్నత న్యాయస్థానపు న్యాయమూర్తికి ఉత్తరము వ్రాసినాడు. న్యాయస్థానము 1979లో దానినే పిటిషనుగా స్వీకరించి, జైలు గోడల లోపల కూడ రాజ్యాంగము నడచునని చాటినది. హంతకుడు వ్రాసిన ఉత్తరమని చింపివేసియుండినచో ఒక మనిషి మొర అక్కడనే అణగిపోయెడిది. నలుబది ఏండ్ల తరువాత మంథని ఠాణాను గూర్చి నాగమణి వ్రాసిన లేఖయు ఆ త్రోవలో నడచినదే.

“నిప్పు లేనిదే పొగ రాదు” అని మనలో చాలమంది ఊహను సమర్థించుకొందురు. నిజమే. కాని పొగను చూచి నిప్పున్నదని చెప్పవచ్చును గాని, నిప్పు పెట్టినవాని పేరు చెప్పలేము. పేరు చెప్పవలెనన్నచో దగ్గరకు పోయి చూడవలెను. చూచినవాని మాటను పదిమంది ఎదుట పరీక్షింపవలెను. ఆ పరీక్ష పేరే న్యాయవిచారణ.

కల్వచర్ల హత్యల దర్యాప్తును 2025 ఆగస్టులో అత్యున్నత న్యాయస్థానము కేంద్ర దర్యాప్తు సంస్థకు అప్పగించినది. వామనరావు తండ్రి న్యాయస్థానపు గడప తొక్కి నిలిచినందువలన, నాలుగున్నర సంవత్సరముల తరువాత ఈ ఉత్తరువు వచ్చినది. ఆ తండ్రికి కావలసినది వదంతి కాదు. చాయ హోటలులో వేయి పేర్లు వినబడినను, న్యాయస్థానమున సాక్ష్యముతో నిలిచిన ఒక్క పేరునకు సరికావు.

కాబట్టి లకోటా మూసియున్నంతకాలము సాక్షుల పేర్లను నోట పలుకకుండుట, ఎవరైన సెల్‌ఫోనులో పంపిన ఊహను మరియొకరికి పంపకుండుట మన ధర్మము. తెరువవలసిన కాలము వచ్చినను తెరువనిచో, ఎందుకు తెరువలేదని పత్రికలలోను, శాసనసభలోను, న్యాయవాద సంఘములలోను నిర్భయముగా అడుగుట కూడ అంతటి ధర్మమే. తెరచిన దినమున మాత్రము ఒక ముక్క చదివి ఊరుకొనక, మొదటినుండి చివరివరకు చదువవలెను. అంతవరకు ఊరివారు మౌనముగా ఉన్నచో, నిజము చెప్పిన సాక్షి నిర్భయముగా సంతకు పోయి రాగలడు. వాయిదా దినమున బోనెక్కి ఆ నిజమునే మరల చెప్పగలడు.