పల్లె ప్రకృతి వనం: ఎండాకాలం నీళ్ల సంగతి



నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని 2018 పంచాయతీరాజ్ చట్టంలో ఉంది. చట్టం ఉంటే చాలదు, నీళ్లుండాలె. మా ఊరి ప్రకృతి వనానికి ఎండాకాలంలో వారానికి రెండే ట్యాంకర్లు. అందుకని మా సంఘం సభ్యులం ముందు గడ్డికి నీళ్లు బంద్ చేసినం. అందం పోతదని కొందరు గునిసిండ్రు. గరిక వానపడితే మళ్లా లేస్తది, ఎండిన కానుగ మొక్క లేవదు గదా!

రోజూ పైపైన తడిపితే వేర్లు లోపలికి పోవు. నాలుగు రోజులకోసారి, పొద్దుగూకినంక పాది నిండా పోస్తున్నం. రాలిన ఆకులు కాలబెట్టకుండా పాదిలో నాలుగు వేళ్ల మందం పరుస్తున్నం, మొదలుకు ఆనకుండా. లేత మొక్కల పక్కన మట్టికుండను మెడదాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టినం. రంగేసిన కుండ తేకండి, దాంట్ల నుంచి నీళ్లు ఊరవు.

ఈ పని చేసే ముగ్గురు అక్కలకు నాలుగు నెలల కూలి రావాలె. పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే అన్నప్పుడు, అందులో నీళ్లు పోసే చేతులకూ లెక్క ఉండాలె. నెలనెలా కూలి గ్రామ సంఘం ఖాతాలో వేయాలని తీర్మానం రాసుకొచ్చినం. సంతకాలు ఇయ్యాల్నే, ఈ సభలోనే కావాలె.