రెండు సంతకాలు
(బిష్టుపూర్‌లో జరిగిన రైల్వే, తపాలా ఉద్యోగుల సంయుక్త సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగ జీవితంలో నీతిని గురించి మాట్లాడవలసిందిగా మమ్ములను కోరినారు. నీతి మనిషి పుట్టుకతో తెచ్చుకునే గుణమని చెప్పేవారు అనేకులు. ముప్పయి ఏళ్లుగా సంఘం పనిలో తిరుగుతూ మేము గ్రహించినది వేరు. ఒక ఉద్యోగి ఎవరి మధ్య బ్రతుకుతున్నాడు, తెల్లవారితే ఎవరి ముఖం చూడవలసి ఉన్నది, ఏ తరగతిలో నిలబడి ఉన్నాడు అన్న సంగతులే అతని నడతను చాలావరకు నిర్ణయిస్తున్నవి.

సహకార పరపతి సంఘంలో అప్పు సంగతే తీసుకోండి. ఖలాసీకి అప్పు కావాలంటే సహోద్యోగులు షూరిటీ సంతకం చేయాలి. అతడు వాయిదా తప్పితే కోత వారి జీతాలలో పడుతుంది. మాకు తెలిసిన ఒక గ్యాంగ్‌మన్ కూతురి పెండ్లికి అప్పు చేసి, సైకిలు అమ్మి వాయిదా కట్టి, ఏడాదిపాటు డ్యూటీకి నడిచి వచ్చినాడు. చట్టానికి భయపడి కాదు. షూరిటీ పెట్టినవాడు పక్క క్వార్టర్‌లోనే ఉన్నాడు. అతని ఇల్లాలు కుళాయి దగ్గర కనిపిస్తుంది. శ్రీరామనవమినాడు బిష్టుపూర్ రామమందిరంలో ఎదురుపడక తప్పదు. పై హోదాలో ఉన్నవారికి ఈ ఇబ్బంది తక్కువ. వారి హోదాయే వారికి హామీ. కిందివాడి లెక్కలో పది రూపాయలు తేడా వస్తే దొంగతనమనీ, పైవాడి ఫైలులో లక్ష తేడా వస్తే పద్ధతి లోపమనీ వ్రాయడం మనం చూడనిది కాదు.

మనవారిని ఈ ఊరికి తెచ్చినది కూడా ఆ బంధుత్వమే. 1907లో ఉక్కు కంపెనీ ఏర్పడినది. 1919లో ఈ ఊరికి జంషెడ్‌పూర్ అనీ, కాలీమాటి స్టేషనుకు టాటానగర్ అనీ పేర్లు పెట్టినారు. శ్రీకాకుళం, విశాఖ, గంజాం ప్రాంతాల నుండి బెంగాల్ నాగపూర్ రైలు మార్గం పట్టుకొని మనవారు ఖరగ్‌పూర్‌కూ, ఇక్కడికీ చేరినారు. ముందు వచ్చిన బావ వెనుక బావమరిదిని పిలిపించినాడు. అన్నం పెట్టినాడు, పని చూపినాడు. అయితే పనిలో పెట్టించినందుకు జాబర్లు కార్మికుల నుండి లంచం గుంజే తీరును విట్లీ కమిషన్ 1931లోనే నివేదించినది. గుంజినవాడు తరచు ఊరివాడే. ఊరివాడు గనుకనే ఇచ్చినవాడు నోరు విప్పడు. వి.వి.గిరిగారి నాయకత్వాన 1927లో ఖరగ్‌పూర్‌లో పోరాడిన సంఘం రిట్రెంచ్‌మెంట్ ఆపమన్నది. తీసివేసినది ఎవరి ఊరివాడినని అడగలేదు.

ఇక మా సిగ్గు కూడా చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రిందట ఒక డిపోలో బోగీలు కడిగే కంట్రాక్టు కూలీలు ఉండేవారు. సింగ్‌భూమ్ పల్లెల నుండి వచ్చిన హో, సంతాలీ ఆడవారే ఎక్కువ. కంట్రాక్టరు జీతాలు పంచేటప్పుడు ప్రధాన యాజమాన్యపు ప్రతినిధి దగ్గర ఉండి, ముట్టిన మొత్తాన్ని ధ్రువపరచి సంతకం చేయాలని 1970 నాటి కంట్రాక్టు కార్మిక చట్టం 21వ సెక్షన్ విధించినది. కంట్రాక్టరు ఎగవేస్తే ప్రధాన యాజమాన్యమే చెల్లించాలని కూడా అందులోనే ఉండేది. అక్కడ సంతకం జరుగుతూనే ఉన్నది. రిజిస్టరులో ఒక మొత్తం, చేతిలో మరొక మొత్తం.

సంతకం చేసినవాడు మన సభ్యుడు. మా ఇంట పెండ్లి అప్పుకు మాకు షూరిటీ పెట్టినవాడు. మాట తప్పని మనిషి. మాకు సంగతి తెలుసు. నెలల తరబడి తెలుసు. అడగలేదు.

అడిగినది ఒక యువ తపాలా గుమాస్తా. ఆ కూలీలలో ఒక పెద్దావిడ పొదుపు ఖాతాలో డబ్బు వేయడానికి వచ్చి తన కూలి ఎంతో చెప్పినదట. అంత తక్కువ ఎందుకిస్తున్నారని అతడు ఇటువంటి సభలోనే లేచి నిలదీసినాడు. అతనికి మాలో బంధువులు లేరు, బాకీలు లేవు. బహుశా అందుకే నోరు వచ్చినది. తరువాత మేము సంతకం చేసిన మిత్రుడి ఇంటికి వెళ్లినాము. "వాళ్లెవరూ నన్ను అడగలేదు కదా అన్నగారూ" అన్నాడు. అతని గొంతులో బుకాయింపు లేదు. నిజంగానే అతనికి తట్టలేదు. ఆ ఆడవారు మన కుళాయి దగ్గర నీళ్లు పట్టరు. పండుగకు మన గడప ఎక్కరు. వారి ముఖం అతడు చూడవలసిన అవసరం ఏనాడూ రాలేదు. మాకూ రాలేదు.

వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేసిన మీదట కొందరికి బకాయి దక్కినది. అప్పటికే పని మానిపోయినవారి చిరునామాలు మా వద్ద లేవు. వారి పేర్లు కూడా మేము ఎన్నడూ వ్రాసుకొని ఉండలేదు.

ఇప్పుడు జీతాలు బ్యాంకు ఖాతాలలో పడుతున్నవి. కాని ఖాతాలో వేసిన దానిలో కొంత చేతిలో తిరిగి పుచ్చుకునే కంట్రాక్టర్లు ఉన్నారు. కూలీల ఏటీఎం కార్డులు తమ దగ్గరే పెట్టుకునేవారూ ఉన్నారు. అందుచేత ప్రతి డిపో నుండి ఒక రైల్వే ఉద్యోగి, ఒక తపాలా ఉద్యోగి కలిసి జీతాలు పడిన మరునాడు ఆ కూలీలను కలిసి, ఎంత పడినది, ఎంత మిగిలినది పేరుపేరునా వ్రాసుకోవాలని మా ప్రతిపాదన. తలుపు దగ్గర బల్లమీద పుస్తకం ఉంచినాము. వెళ్లేటప్పుడు మీ డిపో పేరు, పోస్టాఫీసు పేరు వ్రాసి సంతకం చేయండి. మొదటి సంతకం మా మిత్రుడిది. సభకు ముందే వచ్చి చేసినాడు.