కణం ఎట్లా చనిపోయింది?



జీవితమంతా జంతుశాస్త్రం చెప్పిన మనిషి పేరిట జరిగే ఉపన్యాసానికి కణాల చావును ఎంచుకోవడం అమంగళమేమీ కాదనుకుంటాను. మన ఒంట్లో రోజూ కోట్ల కణాలు చనిపోతాయి. అవి చావకుండా మొండికేస్తే క్యాన్సర్ రావచ్చు.

కణాల చావును కొలవడానికి వాడే ఫ్లో సైటోమీటర్ అనే యంత్రం పేరు మీలో చాలామందికి కొత్త కావచ్చు. హెచ్‌ఐవీ దెబ్బతీసే సీడీ4 అనే రోగనిరోధక కణాలను లెక్కపెట్టే సీడీ4 పరీక్ష అంటే మాత్రం తెలియనివారు తక్కువ. 2004 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో, ఢిల్లీలో కలిపి ఎనిమిది ప్రభుత్వాసుపత్రుల్లో వైరస్‌ను అణిచే ఉచిత ఏఆర్‌టీ మందులు మొదలయ్యాయి. అప్పట్లో లక్షణాలు ముదరనివారికి సీడీ4 కణాలు మైక్రోలీటరు రక్తంలో 200 కంటే తగ్గితేనే మందులు. తర్వాత ఆ గీత 350కి, 500కి జరిగింది. 2017లో గీతే ఎత్తేసి, వైరస్ ఉన్న ప్రతివారికీ మందులన్నారు. అన్నేళ్లూ ఎవరికి మందివ్వాలో, ఎవరు ఆగాలో చెప్పిన ఆ అంకె ఈ యంత్రం నుంచి వచ్చినదే. రక్తంలోని కణాలకు మెరిసే రంగు అంటించిన యాంటీబాడీలు కలుపుతారు. సన్నని ధారలో కణాలు ఒకదాని వెనక ఒకటి లేజర్ ముందు నుంచి సెకనుకు వేలల్లో వెళ్తాయి. ఏది ఎంత మెరిసిందో యంత్రం రాసుకుంటుంది.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ రిపోర్టులో ఉన్నది మిగిలిన కణాల లెక్క. పోయినవి ఎట్లా పోయాయో అందులో ఉండదు.

పోయిన తీరు చూడటానికి అదే యంత్రంతో వేరే పద్ధతి ఉంది. 1972లో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు, కణం తనను తాను పద్ధతిగా ముడుచుకుని చనిపోయే తీరును వర్ణించి దానికి అపాప్టోసిస్ అని పేరు పెట్టారు. అట్లా చావబోయే కణం పొరలో లోపలి వైపు ఉండాల్సిన ఫాస్ఫాటిడైల్‌సెరిన్ అనే కొవ్వు పదార్థం బయటికి తిరుగుతుంది. అనెక్సిన్-వి అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది. దానికి ఆకుపచ్చ రంగు తగిలిస్తారు. తోడుగా ప్రోపిడియం అయొడైడ్ అనే ఎర్ర రంగు. పొర చిరిగితేనే ఇది లోపలికి పోయి డీఎన్‌ఏకు అంటుకుంటుంది. రంగు కలిపాక పదిహేను నిమిషాలు చీకట్లో ఉంచి, ఆలస్యం చేయకుండా యంత్రంలో పెట్టాలి. ద్రవంలో కాల్షియం లేకపోతే అనెక్సిన్ అసలు అంటుకోదు. తెర మీద చుక్కల గుంపులు నాలుగు గదుల్లో కనిపిస్తాయి: రెండు రంగులూ లేనివి బతికున్నవి, ఆకుపచ్చ ఒక్కటే ఉన్నవి చావు మొదలైనవి, రెండూ ఉన్నవి చావు ముదిరినవి. ఎర్ర రంగొక్కటే ఉన్న గదిని చాలామంది పట్టించుకోరు. తయారీలో దెబ్బతిన్న కణాలు, విడిపోయిన కేంద్రకాలు తరచూ చేరేది అక్కడే.

చిక్కంతా రెండు రంగులూ ఉన్న గదితో. పొర చిల్లుపడితే అనెక్సిన్ ఆ చిల్లు లోంచే దూరి, లోపలి వైపున్న కొవ్వుకే అంటుకుంటుంది. కాబట్టి పొర పగిలి చచ్చిన కణమూ, నెమ్మదిగా ముడుచుకుని చివరికి పొర పోగొట్టుకున్న కణమూ అక్కడ ఒకే చుక్క. మన మార్కెట్ యార్డులో తేమ మీటరు పత్తిలో పద్నాలుగు శాతం అని చూపిస్తుంది. అది మంచా, వానా, ఎవరైనా చల్లిన నీళ్లా అన్నది మీటరు చెప్పదు. ‘ముప్ఫై శాతం అపాప్టోసిస్’ అని ఒక్క పూట కొలిచిన బొమ్మతో తేల్చేసే వ్యాసాల మీద నాకు నమ్మకం తక్కువ. గంట గంటకూ కొలవాలి. కణం చావును నడిపే కాస్పేజ్ ఎంజైములను ఆపే మందు వేసి చావు ఆగిందో లేదో చూడాలి. ఏ కాస్పేజ్ పనిచేస్తున్నదో విడిగా రంగేసి చూడాలి.

హెచ్‌ఐవీ విషయంలో ఆ పని చేసినవాళ్లున్నారు. 2014లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని వార్నర్ గ్రీన్ బృందం మనుషుల టాన్సిల్స్ నుంచి తీసిన కణాల మీద పరిశోధన ప్రచురించింది. చనిపోతున్న సీడీ4 కణాల్లో 95 శాతానికి పైగా వైరస్ పూర్తిగా పెరగనివే. అవి కాస్పేజ్-1 దారిలో, పొర పగిలి, వాపు పుట్టించే సరుకును బయటికి కక్కుతూ చనిపోతున్నాయి. దీన్ని పైరాప్టోసిస్ అంటారు. ఆ వాపుకు మరిన్ని సీడీ4 కణాలు అక్కడికి చేరి అవీ చిక్కుకుంటాయి. వైరస్ బాగా పెరిగిన కొద్ది కణాలే కాస్పేజ్-3 దారిలో ముడుచుకుని పోతున్నాయి. పైగా రక్తంలోని సీడీ4 కణాలు ఈ పగిలే చావుకు సులభంగా లొంగవని అదే బృందం తర్వాత చూపింది. అంటే ఆసుపత్రిలో చేతి నుంచి రక్తం తీసి లెక్కపెడుతున్నంత కాలం అసలు నష్టం ఎక్కువగా లింఫ్ గ్రంథుల్లో జరుగుతున్నది.

కణాల చావు శాస్త్రంలో ఇవ్వాళ ముందున్నవారిలో ఒకరు మన కొత్తగూడెం ఆమె, కన్నెగంటి తిరుమలాదేవి. కాకతీయ విశ్వవిద్యాలయంలో డిగ్రీ, ఉస్మానియాలో పీహెచ్‌డీ. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలతో కలిసి ఆమె మొదట వెతికింది మిరపకాయల్లో, పసుపులో, మిరియాల్లో బూజు వదిలే ఓక్రాటాక్సిన్ విషాన్ని. పసుపు పండించే నిజామాబాద్ పక్కనే ఉన్న మనకు అది దూరపు సంగతి కాదు. 2007లో అమెరికాలోని మెంఫిస్‌లో, సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనాసుపత్రిలో చేరారు. ఇన్‌ఫ్లుయెంజా సోకిన కణాల్లో ఒక చావు దారిని మూసేస్తే మరో దారి తెరుచుకోవడం ఆమె బృందం చూసింది. ముడుచుకునే చావు, పగిలే చావు, నెక్రాప్టోసిస్ అనే ఇంకో రకం చావు ఒకే ఏర్పాటు కింద కలిసి నడుస్తాయని 2019లో ప్రతిపాదించి, దాన్ని పానాప్టోసిస్ అన్నారు. ఇది విడి రకమా, మూడు దారుల మధ్య రాకపోకలేనా అని వాదించేవారున్నారు. వాదన సంగతెట్లున్నా, ఒక్క దారిని మూసే మందు చాలదన్న ఫలితం వైద్యుడికి పనికొస్తుంది.

ఒక్క దారి మూస్తే చాలదన్నది కొవిడ్ కాలంలో కనిపించింది. టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ఫెరాన్-గామా అనే రెండు సంకేతాలు విడివిడిగా పెద్దగా చంపవనీ, కలిస్తే కణాలను మూడు తీర్లుగానూ చంపుతాయనీ 2021 జనవరిలో ఆమె బృందం ప్రచురించింది. ఆ రెంటినీ యాంటీబాడీలతో అడ్డుకున్నప్పుడు, కొవిడ్ వైరస్ సోకిన ఎలుకల్లో మరణాలు తగ్గాయి. మనిషికి ఆ మందు ఏ రోజున ఇవ్వాలన్నది ఎలుకల ఫలితం చెప్పదు. జ్వరం మొదట్లోనే ఇస్తే వైరస్‌తో పోరాడే సంకేతాన్నే నొక్కేసినట్టవుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తుల్లో పోవాల్సిన కణాలు పోయి ఉంటాయి.