అండాశయాలు పోయాక ఎముకల మాట



2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవారు దేశంలో నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది. ఈ ఆపరేషను అవసరమా అని మనం ఎన్నాళ్లుగానో అడుగుతున్నాం. దాంతోపాటు అండాశయాలు కూడా తీశారా అని మాత్రం అడగడం లేదు. ఇవాళ నా మాట దాని గురించే.

ఎముక రాయి కాదు. రోజూ కొంత కరుగుతుంది, కొంత కొత్తగా కడుతుంది. కరగడాన్ని అదుపులో ఉంచేది ఈస్ట్రోజెన్ హార్మోను. అది ప్రధానంగా అండాశయాల్లో తయారవుతుంది. వాటిని తీసేస్తే ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు ఎముకలోని కేల్షియం, భాస్వరం రక్తంలోకి దిగుతాయి. మూత్రంలో కేల్షియం ఎక్కువగా పోతుంది. పేగులు తిండిలోని కేల్షియాన్ని తక్కువగా తీసుకుంటాయి. మొదటి కొన్నేళ్లలోనే నష్టం ఎక్కువ. నొప్పి ఉండదు కనుక చాలామందికి ఎముక విరిగేదాకా తెలియదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. అండాశయాలు తీసేసిన స్త్రీలకు ఈస్ట్రోజెన్ ఇస్తే ఎముక నష్టం ఆగుతుందని 1976లోనే గ్లాస్గో డాక్టర్లు చూపారు. మందు ఆపితే నష్టం మళ్లీ మొదలవుతుందని 1978లో చెప్పారు.

అలాగని అందరికీ బిళ్ల రాసేయమని కాదు. గర్భసంచి లేని, 50 దాటిన స్త్రీలపై అమెరికాలో జరిపిన పెద్ద పరిశీలన ఫలితాలు 2004లో వచ్చాయి. ఈస్ట్రోజెన్ వాడినవారిలో తుంటి ఎముక విరగడం తగ్గింది, పక్షవాతం పెరిగింది. కానీ 35 ఏళ్లకే అండాశయాలు పోయిన స్త్రీ లెక్క వేరు. రొమ్ము కాన్సరు వంటి అడ్డంకి లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా ఆమెకు ఈస్ట్రోజెన్ ఇవ్వాలన్నదే నేటి వైద్య మార్గదర్శకాల సారం. గర్భసంచి ఉన్నవారికి ప్రొజెస్టెరాన్ కూడా కలపాలి. రాగులు, పాలు, ఎండ అందరికీ కావాలి. అయితే కేల్షియం బిళ్ల ఒక్కటే ఈస్ట్రోజెన్ లోటు తీర్చదు.

అనవసరంగా గర్భసంచి తీయడాన్ని అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ అమలును నిలదీసేటప్పుడు మనం మరో మూడు కోరాలి. అండాశయాలు తీయాలంటే కారణం ముందే తెలుగులో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. తీసిందీ ఉంచిందీ డిశ్చార్జి కాగితంలో రాయాలి. తీసినవారికి హార్మోను సలహా, ఎముకల పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా అందాలి.

ఊళ్లకు వెళ్లినప్పుడు ఆపరేషనైన అక్కచెల్లెళ్ల కాగితాలు అడిగి చూడండి. అందులో ఏమీ రాసి లేకపోతే, ఆసుపత్రిని అడగడంతోనే మన పని మొదలుపెడదాం.